ఎర్ర మాత్ర వెనక ఒక గ్రంథాలయం

పోయిన వేసవిలో మా అక్క కూతురు పది రోజులు మా ఇంట్లో ఉంది. హైదరాబాదులో ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో పీజీ చేస్తోంది. ఏడాదిన్నర పిల్లాడున్నాడు. థీసిస్ ఎలా చేయబోతోందో రాసివ్వడానికి గడువు దగ్గరపడింది. పిల్లాణ్ణి చూసుకునే మనిషి కావాలి కదా, అందుకని ఇబ్రహీంపట్నం వచ్చేసింది. పొద్దున్నే సాగర్ రోడ్డు మీద బస్సు పట్టుకుని పోవడం, పొద్దుగూకేసరికి రావడం, పిల్లాడికి ఇంత తినిపించి నిద్రపుచ్చి కంప్యూటర్ ముందు కూర్చోవడం... ఇదీ వరస.

ఒకరోజు రాత్రి పన్నెండు దాటాక మంచినీళ్ళకని లేచాను. ముందుగదిలో ఇంకా లైటు వెలుగుతోంది.

"ఏందే బిడ్డా, ఇంకా పండుకోలేదా?"

"ఒక్క పేపరు కోసం మూడు రోజుల సంది తిరుగుతున్న చిన్నమ్మా. పేరు కనబడ్తది, పైన నాలుగు ముక్కలు కనబడ్తయి. లోపలికి పోదామంటే ముప్పై అయిదు డాలర్లు కట్టుమంటది."

పేపరంటే పొద్దున్నే వాకిట్లో పడేదొక్కటే నాకు తెలుసు. పరిశోధకులు రాసే వ్యాసాన్ని కూడా పేపరే అంటారట. ముప్పై అయిదు డాలర్లు ఎంతవుతుందో లెక్కేసి గుండె గుభేలుమంది. మా ఇంట్లో నెల కూరగాయల ఖర్చు అది!

"ఒక్క వ్యాసానికేనా?"

"ఒక్కదానికే. అసుమంటివి నాకు వంద గావాలె."

మర్నాడు వాళ్ళ కాలేజీ లైబ్రేరియన్ని అడిగిందట. సాయంత్రం నవ్వుతూ వచ్చింది. కావాల్సిన వ్యాసం దొరికింది. అదొక్కటే కాదు, తనకు తెలియని ఇంకో రెండు కూడా ఆవిడ వెతికి చేతిలో పెట్టింది. అందులో ఒకటి చదివాక మావాళ్ళమ్మాయి తన ఫారమే మార్చుకుంది. ఆమె విషయం గర్భిణుల్లో రక్తహీనత. కడుపుతో ఉన్నప్పుడు అయిదారు నెలలు వచ్చేసరికి రక్తం కొంత పలచబడటం సహజమట. ఏ నెలలో పరీక్ష చేశామో రాసుకోకపోతే అసలు రక్తహీనత ఏదో, సహజమైన తగ్గుదల ఏదో తేలదు. ఆ సంగతి ముందే తెలిసింది కాబట్టి సరిపోయింది. రెండువందల మందికి సూదిగుచ్చి రక్తం తీశాక తెలిసుంటే? ఆమె ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరు. ఆ రెండువందల మంది తల్లుల రక్తం కూడా వృథా.

ఇన్నాళ్ళూ లైబ్రరీ అంటే నాకు కథలు, నవలలు. మధ్యాహ్నం పని తెమిలాక వెళ్ళి రెండు పుస్తకాలు తెచ్చుకునే చోటు. డాక్టర్లకీ లైబ్రరీకీ ఇంత చుట్టరికం ఉందని ఆ రోజే తెలిసింది. తెలిశాక ఊరుకోలేక ఆ అమ్మాయి చేత చెప్పించుకుని, నేనూ కొంత చదివి, ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఇది డాక్టర్ల గొడవ కాదు, మన గొడవ.

గోంగూరా? పుంటికూరా?

"ఇప్పుడు అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదండీ, ఇంకా లైబ్రరీలూ లైబ్రేరియన్లూ దేనికీ?" అన్నారు మావారు. చాలామంది మాటే ఇది.

మా తెలంగాణలో పుంటికూర అంటాం. అదే ఆంధ్రా వైపు గోంగూర. పేరు తెలియని మనిషి మా ఊరి సంతకొచ్చి గోంగూర ఉందా అని అడిగి, లేదంటే ఖాళీ సంచితో పోవచ్చు. కూర కళ్ళెదురుగా కట్టలు కట్టలు ఉన్నా సరే! వైద్య వ్యాసాల్లోనూ అంతే. ఒకే జబ్బుకి నాలుగు పేర్లు. రక్తహీనతకి వాడే ఇంగ్లీషు మాటనే ఇంగ్లండు వాళ్ళు ఒక స్పెల్లింగుతో, అమెరికా వాళ్ళు ఇంకో స్పెల్లింగుతో రాస్తారు. ఈ చిక్కు తీర్చడానికే అమెరికాలోని జాతీయ వైద్య గ్రంథాలయం 1960 నుంచీ వైద్య విషయాల పేర్ల పట్టిక ఒకటి నడుపుతోంది. ఎవరు ఏ పేరుతో రాసినా ఆ పట్టికలోని ఒక పేరు కింద చేర్చి పెడతారు. 1879లో మొదలై 2004 దాకా అచ్చయిన 'ఇండెక్స్ మెడికస్' అనే సూచిక సంపుటాలు ఒకప్పుడు ప్రతి పెద్ద వైద్య గ్రంథాలయంలోనూ వరసగా ఉండేవి. ఇప్పుడు ఆ పని కంప్యూటర్లో 'పబ్‌మెడ్' చేస్తోంది. 1997 నుంచీ అందరికీ ఉచితం. మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నాయి అందులో.

అయితే ఒక మెలిక. వివరాలు ఉచితం, చాలావాటికి సారాంశం కూడా ఉచితం. మొత్తం వ్యాసం మాత్రం అన్నిసార్లూ కాదు. షోకేసులో చీర చూడ్డానికి డబ్బులివ్వక్కర్లేదు కదా, అలాగన్నమాట. ఆ చీర ఇంటికి తెచ్చిచ్చేది లైబ్రరీ. మూడున్నర కోట్లలో మనకి కావాల్సిన ముప్పై ఏవో ఏరిపెట్టేది లైబ్రేరియన్. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు రాస్తే అందులో ఒకటి చదువరి సమయం ఆదా చెయ్యడం గురించే. రాత్రి పన్నెండింటికి చంటిపిల్లాడి పక్కన కూర్చుని వెతుక్కునే ఆడమనిషికి ఆ సూత్రం విలువ ఎవరైనా చెప్పాలా?

ఆ ఎర్ర మాత్ర కథ

కడుపుతో ఉన్నప్పుడు అంగన్‌వాడీలోనో ఆస్పత్రిలోనో ఇచ్చే ఎర్ర మాత్ర మనలో చాలామంది మింగాం. కొందరం వేసుకున్నామని చెప్పి గూట్లో దాచాం కూడా! అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. అది మన నోటిదాకా ఎలా వచ్చిందో చూడండి.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు కడుపుతో ఉన్నప్పుడు రక్తం లేక పాలిపోయి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. వాళ్ళేం తింటున్నారు, ఎలా ఉంటున్నారు అని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. చివరికి ఈస్టు సారంతో వాళ్ళు కోలుకుంటున్నారని కనిపెట్టింది. మార్మైట్ అని సీసాల్లో అమ్మే చవక సరుకది. 1931లో ఆ సంగతి 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో రాసింది. అందులో ఏ పదార్థం పనిచేస్తోందో ఆవిడకీ తెలియదు. తెలిసినంత వరకు శుభ్రంగా రాసి పెట్టింది, అంతే.

ఆ వ్యాసం బీరువాల్లోకి చేరింది. పదేళ్ళ తర్వాత, 1941లో, అమెరికాలో కొందరు పాలకూర ఆకులనుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థమొచ్చే లాటిన్ మాటతో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. 1945లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఆ పరిశోధనకి పెద్ద ఎవరనుకున్నారు? మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! అక్కడితో ఆగిందా? ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల విరోధి మందుతోనే 1948లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు పిల్లల్లో మొదటిసారి జబ్బు వెనక్కి తగ్గడం చూపించాడు. 1991లో 'లాన్సెట్' పత్రికలో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది. వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టిన తల్లి మళ్ళీ గర్భం ధరించే ముందు నుంచీ ఫోలిక్ ఆమ్లం వాడితే, రెండో బిడ్డకి ఆ లోపం వచ్చే ప్రమాదం నూటికి డెబ్భై పాళ్ళకు పైగా తగ్గుతుందని తేలింది.

బొంబాయి మిల్లు కార్మికురాలి నుంచి భీమవరం మనిషి దాకా, అక్కడి నుంచి మన గూట్లో దాచిన మాత్ర దాకా... మధ్యలో ఉన్న దారమేది? ఒకరు రాసింది ఇంకొకరు చదవడం. పరిశోధన అంటే ఒక్కడే చీకటి గదిలో కూర్చుని తపస్సు చేయడం కాదని నాకు అప్పుడర్థమైంది. అది మన వదినా మరదళ్ళు కలిసి వేసే పెద్ద ముగ్గులాంటిది. ఒకరు వదిలిన చుక్క దగ్గర ఇంకొకరు అందుకోవాలి. ఆ చుక్కలు చెరిగిపోకుండా కాపాడేదే లైబ్రరీ.

ముగ్గు ఇంకా పూర్తికాలేదు సుమా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. మాత్ర ఉంది, జబ్బూ ఉంది. ఎందుకని? ఆ ప్రశ్నకి జవాబు వెతికే మా అక్క కూతురి లాంటి వాళ్ళకి తలుపు మూసుకుంటే నష్టం ఎవరికి?

మన కాళ్ళ కథ లండన్లో

మా ఊరు దాటి సాగర్ రోడ్డు మీద ముందుకు పోతే నల్గొండ జిల్లా. బోరు నీళ్ళలో ఫ్లోరైడు తాగి తాగి వంకర్లు పోయిన కాళ్ళు, వంగిపోయిన నడుములు చూడని వాళ్ళు మాలో ఉండరు. ఆడపిల్లకి సంబంధం చూసేటప్పుడు ఆ ఊరి నీళ్ళెలాంటివని అడిగిన పెద్దవాళ్ళని నేనెరుగుదును.

ఆ జబ్బు గురించి మన దేశంలో మొదట రాసింది 1937లో, నెల్లూరు జిల్లా రోగులను చూసి. నల్గొండ ఫ్లోరోసిస్ గురించి 1955లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వ్యాసం వచ్చింది. ఫ్లోరైడు ప్రాంతాల్లో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో 'లాన్సెట్'లో రాశారు. 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీళ్ళలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతి వచ్చింది. ప్రపంచమంతా దాన్ని నల్గొండ పద్ధతి అనే అంటుంది. ఒక్కో మెట్టూ కిందిమెట్టు మీద కాలు పెట్టి ఎక్కిందే.

చిత్రమేమిటంటే మన వాళ్ళ కాళ్ళ మీద రాసిన వ్యాసాలు లండన్ పత్రికల్లో ఉన్నాయి. వాటిలో కొన్ని చదవాలంటే లైబ్రరీ ఆ పత్రిక తెప్పించాలి. లేదా డాలర్లు కట్టాలి. మన పెరట్లో కాసిన మామిడికాయ మనమే కొనుక్కు తిన్నట్టు!

ఇది మనకొక్కరికే వచ్చిన బాధ కాదు. ఆఫ్రికాలోని లైబీరియాలో 2014లో ఎబోలా వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బు అక్కడ ఉండవచ్చని 1982లోనే ఒక ఐరోపా పత్రికలో వ్యాసం వచ్చిందని, తమ దేశపు డాక్టర్లకి అది అందనే లేదని లైబీరియా వైద్యాధికారులే 2015లో బాధపడుతూ రాశారు. అది తెరవాలంటే 45 డాలర్లట.

చదవకపోతే ఏమవుతుంది?

2001లో అమెరికాలో ఎలెన్ రోష్ అని 24 ఏళ్ళ అమ్మాయి. జాన్స్ హాప్కిన్స్‌లో ల్యాబ్ టెక్నీషియన్. ఏ జబ్బూ లేదు. ఉబ్బసం మీద జరుగుతున్న ప్రయోగానికి తనంతట తానే ముందుకొచ్చింది. హెక్సామెథోనియం అనే మందు పీల్పించారు. ఊపిరితిత్తులు దెబ్బతిని నెల తిరక్కుండా, జూన్ 2న చనిపోయింది.

ఆ మందు ఊపిరితిత్తులకి చేటు చేయవచ్చని 1950లలోనే వ్యాసాలు వచ్చాయి. పరిశోధకుడు వెతకలేదా అంటే, వెతికాడు. ఆయన చూసిన పబ్‌మెడ్ ఆ రోజుల్లో 1966 వరకే వెనక్కి వెళ్ళేది. అంతకుముందువి పాత సూచిక సంపుటాల్లో, బీరువాల్లో ఉన్నాయి. ఇదంతా బయటికి వచ్చాక వైద్య లైబ్రేరియన్లు గట్టిగానే అడిగారు, ప్రాణాలతో పని పెట్టుకున్నప్పుడు వెతకడం తెలిసిన మనిషిని పక్కన పెట్టుకోవద్దా అని.

"అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా" అనే వాళ్ళందరికీ నేనిప్పుడు ఆ అమ్మాయి కథే చెప్తున్నాను. మావారు ఆ తర్వాత ఆ మాట అనలేదు.

మంచివైపు కూడా చెప్పాలి. అమెరికాలోని రోచెస్టర్ నగరంలో జరిగిన ఒక అధ్యయనం 1992లో అచ్చయింది. ఆస్పత్రి లైబ్రరీ ఇచ్చిన సమాచారం చూశాక వైద్యంలో ఏదో ఒకటి వేరుగా చేశామని నూటికి 80 మంది డాక్టర్లు చెప్పారు. నూటికి ఎనభై! ఏ మందుకుంది ఆ శక్తి?

మందులే లేవు, లైబ్రరీలా?

"మన ఆస్పత్రుల్లో మంచాలే చాలవు. సూదిమందే దొరకదు. మధ్యలో ఈ లైబ్రరీ గోలేమిటి?" అని మీరనవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు మా ఊరి నుంచే చెప్తాను, కష్టమైనా సరే.

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో జరిగిన శిబిరంలో 34 మంది ఆడవాళ్ళకి కు.ని. ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాతి రోజుల్లో నలుగురు చనిపోయారు. మిగతా వాళ్ళని హైదరాబాదు ఆస్పత్రులకి తరలించారు. ఇన్ఫెక్షన్ మాట అప్పుడు రాష్ట్రమంతా మోగింది. చిన్నచిన్న పిల్లల తల్లులు వాళ్ళు. ఇక చాలు, ఉన్న పిల్లల్ని బాగా పెంచుకుందామని వెళ్ళినవాళ్ళు. ఆ వారం మా బజారులో ఏ ఇద్దరు ఆడవాళ్ళు కలిసినా ఇదే మాట.

లైబ్రరీ లేక వాళ్ళు పోయారని నేననను. అంత తేలిక మాట కాదది. కానీ ఇది మొదటిసారి కాదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే శిబిరంలో 83 మందికి ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా చనిపోయారు. 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలు మూడేళ్ళలో మానేయాలని తీర్పు చెప్పింది. పరికరాలు శుభ్రం చేసే పద్ధతి లిస్టర్ 1867లోనే 'లాన్సెట్'లో రాయడం మొదలుపెట్టాడు. అన్నీ రాసే ఉన్నాయి. రాసి ఉండటం వేరు, ఆపరేషను బల్ల దగ్గరికి చేరడం వేరు. ఆ మధ్య దూరం ఎందుకుందో తేల్చడం కూడా పరిశోధనే. ఆ పరిశోధన చేసేవాళ్ళకి విచారణ నివేదికలు కావాలి, ఆస్పత్రి లెక్కలు కావాలి, తీర్పులు కావాలి. మన దగ్గర ఏ ఘోరం జరిగినా నివేదిక రాస్తారు, ఫైలు కడతారు, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. తాళం వేసిన పాఠం ఎవరికి పనికొస్తుంది? పేర్లు తీసేసి అయినా సరే, అవన్నీ వైద్య గ్రంథాలయాల్లో చేరాలంటాను. గెలుపులు లండన్ పత్రికల్లో అచ్చవుతాయి. ఓటములు కూడా ఎక్కడో ఒకచోట అందుబాటులో ఉండాలి కదా!

తలుపు సగం తెరిచారు

మంచి పని ఒకటి జరిగింది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'ఒకే దేశం, ఒకే చందా' పథకం ఒప్పుకుంది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్ళకి 6,000 కోట్ల రూపాయలు. ముప్పై ప్రచురణ సంస్థల 13,000 దాకా పత్రికలు. 6,300కి పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థల్లో ఒక కోటీ ఎనభై లక్షల మంది చదువుకునేలా ఏర్పాటు చేశారు. ఇంటింటికీ ఒక బావి తవ్వుకోకుండా ఊరందరికీ ఒక చెరువన్నమాట. పెద్ద చెరువున్న ఊరిదాన్ని, ఆ విలువ నాకు తెలుసు.

అయితే చెరువు నిండగానే పొలం తడవదు. కాలవలు కావాలి, తూము దగ్గర మనిషి కావాలి. అందుకే కొన్ని కోరికలు. కాలేజీలో కూర్చుంటేనే కాకుండా రాత్రిపూట ఇంట్లోంచి కూడా ఆ వ్యాసాలు తెరుచుకునే వీలు ప్రతి సంస్థా కల్పించాలి. రీడింగ్ రూములో రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చునే వెసులుబాటు మగపిల్లలకి ఉన్నంతగా పిల్లల తల్లులకి ఉండదు. లైబ్రేరియన్ ఉద్యోగం ఖాళీ అయితే ఏళ్ళతరబడి అలా వదిలేయకూడదు. పత్రికలు కొన్నాం కదా, మనిషెందుకని అనుకోవడం వంటసామాను తెచ్చి వంటమనిషిని మాన్పించడమే. మాలాంటి చిన్న ఊళ్ళ ఆస్పత్రుల్లో పనిచేసే డాక్టర్లకీ, నర్సులకీ కూడా ఆ తలుపు తెరవాలి. మన జబ్బులను రోజూ చూసేది వాళ్ళే. వాళ్ళలో ఒక్కరికి 'ఇలా ఎందుకవుతోంది?' అన్న ప్రశ్న పుట్టినా చాలు, లూసీ విల్స్‌కి పుట్టింది అలాంటి ప్రశ్నే.

మనం చేయగలిగిందీ ఒకటుంది. ఇంట్లో చదువుకునే అమ్మాయో కోడలో ఉంటే, ఆమె రాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు "ఇంకా ఎంతసేపు?" అనకుండా, పిల్లాణ్ణి కాసేపు మనం ఎత్తుకుందాం. ఆమె చదివేది ఆమె కోసమే కాదు.

మా అక్క కూతురు వెళ్ళేరోజు బస్టాండు దాకా వెళ్ళాను. బస్సెక్కబోతూ, "చిన్నమ్మా, నీ రక్తం ఎన్నడన్న చూపించుకున్నవా?" అంది. నేను నవ్వేశాను. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

మర్నాడు పరీక్ష చేయించుకున్నాను. ఎంత వచ్చిందో చెప్పను గానీ, ఎర్ర మాత్ర వేసుకుంటున్నాను. ఈసారి గూట్లో దాచడం లేదు.